పూనకాల బండి

నాకు బండంటే భయం. ఇరవై రెండేళ్ళుగా రోజూ బండెక్కి బడికి పోతున్నాను గానీ, ఈ మాట ఇంతవరకూ నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. పల్నాడులో పుట్టిన మగాడు భయమంటే ఇంకేమన్నా ఉందా! మనం ఇల్లు చేరేలోపల ఊరంతా తెలిసిపోద్ది. అందుకని భయమేసినప్పుడల్లా నేను చేసే పని ఒకటే. దాన్ని జోకు చేసి నలుగురికీ చెప్పి నవ్విస్తాను. నలుగురూ నవ్వితే సగం భయం దిగినట్టుంటుంది. ఆ పాడు అలవాటు ఒకసారి నా చేత ఎంత పని చేయించిందో రాయాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. ఇప్పటికి కుదిరింది.

మాది గురజాల. నేను తెలుగు చెప్పే హైస్కూలు రెంటచింతలకి అవతల, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊళ్ళో ఉంది. బండ్ల మీద వచ్చేవాళ్ళం నలుగురం. లెక్కల సారు లావుపాటి మనిషి, నోరు తెరిస్తే ఎటకారమే. పీఈటీ సారు వయసులో అందరికంటే పెద్ద, గొంతు మాత్రం గ్రౌండుకి ఆ చివరి దాకా వినపడేది. నాలుగో ఆయన సోషల్ సారు. ఆయనది రెంటచింతలే. ఆదివారం చర్చి మానడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. మేం కూసే కూతలకి ఓ పక్కన నిలబడి సన్నగా నవ్వేవాడు. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి ఆయన భార్య నెల తప్పింది. ఆ సంగతి మాకు చెప్పిన రోజు ఆయన మొహం చూసి పీఈటీ సారంతటివాడు లేచి పోయి ఆయన్ని వాటేసుకున్నాడు.

సాయంత్రం బడి వదిలాక నలుగురం మెయిన్ రోడ్డు మీద బజ్జీల బండి దగ్గర ఆగేవాళ్ళం. ఆడ మాకో ఆచారం ఉండేది. ఎవరు పెట్టారో, ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. ఎవడి బండి వాణ్ణి ఎట్టా ఏడిపించిందో చెప్పాలి. ఎవడి కథకి ఎక్కువ నవ్వొస్తే మూకుట్లోంచి దిగిన మొదటి బజ్జీ వాడిది. నలభై దాటినవాళ్ళం, పిల్లలకి బుద్ధులు చెప్పేవాళ్ళం, ఆ ఒక్క మిరపకాయ బజ్జీ కోసం కొట్టుకు చచ్చేవాళ్ళం.

"నా బ్రేకు నొక్కితే బండి ఆగదు సార్, ఆలోచిస్తది. ఆగుదామా వద్దా అని నింపాదిగా ఆలోచించుకుని, కల్వర్టు దాటినాక ఆగుద్ది" అనేవాడు లెక్కల సారు.

"నీది నయం. నా బండి ఎడమకి లాగుద్ది. హ్యాండిల్ వదిలానంటే సరాసరి మా అత్తగారింటి ముందుకి పోయి ఆగుద్ది. ఆ భయానికే గట్టిగా పట్టుకుంటా" అనేవాడు పీఈటీ సారు.

సోషల్ సార్ని అడిగితే "నా బండి బానే ఉంది సార్" అనేవాడు. అదేం కథ? మూడు నెలలకోసారి సర్వీసింగు చేయించి, చైనుకి నూనె పెట్టి, టైర్లో గాలి చూసుకునే మనిషికి కథలెక్కడ నుంచి వస్తాయి! ఆయనకి ఎప్పుడూ ఆఖరి బజ్జీనే.

ఆ జనవరిలో ఒకరోజు పొద్దున నాపరాళ్ళ లారీ వెనకపడి దాన్ని దాటబోయాను. పల్లం రోడ్డు. స్పీడు ముల్లు అరవై మీదుంది. ఉన్నట్టుండి హ్యాండిల్ వణికింది. ముందు సన్నగా, ఆనక భుజాల దాకా చేతులు కొట్టుకునేంతగా. ముందు చక్రం ఎడమకీ కుడికీ తల కొట్టుకుంటా ఉంది. బిగబట్టేకొద్దీ ఇంకా ఎక్కువైంది. లారీ వెనక చక్రం నా మోకాలికి జానెడు దూరంలో తిరుగుతోంది. దానికంటుకున్న తెల్లటి రాతిపొడి కూడా కనపడింది నాకు. బ్రేకు తొక్కుదామంటే కాలు కదల్లేదు. ఎక్సలేటర్ ఎప్పుడు వదిలేశానో తెలవదు. లారీ ముందుకు పోయింది, బండి దానంతటదే నెమ్మదించి మార్జిన్లో ఆగింది. దిగి కంకర మీద కూలబడ్డాను. నా పెళ్ళాం, నా ఇద్దరు పిల్లలు కళ్ళముందు మెదిలారు. బండిని తోసుకుంటా పోదామా అనుకున్నాను. పావుగంట కూర్చుని, మళ్ళీ ఎక్కి, నలభై దాటకుండా బడికి పోయాను.

సాయంత్రం బజ్జీల దగ్గర చెప్పాను. ఎట్టా చెప్పాను? చచ్చిపోయేవాణ్ణి సార్ అని చెప్పానా? లేదు.

"సార్, నా బండికి అరవై దాటితే పూనకం వస్తాంది!" అన్నాను. అని ఊరుకున్నానా, ఊగి చూపించాను. జుట్టు విరబోసుకున్నట్టు తల తిప్పాను. 'నాకు పెట్రోలు పోయరా, నాకు లారీని బలియ్యరా' అని గొంతు మార్చి అరిచాను. పీఈటీ సారు పొట్ట పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. లెక్కల సారు నా బండి ముందు చేతులు జోడించి, "తల్లీ, ఇంజినాయిలు మారిస్తే శాంతిస్తావా తల్లీ?" అన్నాడు. బజ్జీలేసే ఆవిడ కూడా చిల్లుల గరిటె పక్కన పెట్టి నవ్వింది. సోషల్ సారు కళ్ళు తుడుచుకున్నాడు. మొదటి బజ్జీ నా చేతిలో పెట్టారు. ఆ నవ్వుల్లో పొద్దుటి లారీ చక్రం ఎటో పోయింది. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో!

మర్నాడు లెక్కల సారు వేపమండలు తెచ్చి నా హ్యాండిల్‌కి కట్టాడు. వారం తిరిగేసరికి బడి పిల్లలు కూడా పూనకాల బండి అనడం మొదలుపెట్టారు.

ఆదివారం గురజాలలో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. అతను బండిని స్టాండేసి, ముందు చక్రం పైకి లేపి, ఫోర్కు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. లోపల టక్కు టక్కుమంది.

"కోన్ సెట్టు పోయింది సార్. హ్యాండిల్ తిరిగే చోట బాల్సు ఉంటయ్యే, అయ్యి అరిగి పొడైపోయినై. మార్చాల. రేపు సాయంత్రం దాకా బండి ఇడిచిపెట్టండి."

"రేపు బడుంది, వచ్చే ఆదివారం తెస్తాలే" అన్నాను.

"తెచ్చేదాకా స్పీడు పోమాకండి సార్. ఇది ఆటలాడే యవ్వారం కాదు" అన్నాడు.

వచ్చే ఆదివారం పెళ్ళి. ఆ పై ఆదివారం ఇంకేదో. ఇయ్యన్నీ వంకలు. అసలు సంగతి రాస్తున్నాను, రాయడానికి సిగ్గేస్తోంది. బండి బాగైపోతే పూనకం కథ పోయిద్ది. రోజుకో ముక్క కలిపి చెబుతున్నాను దాన్ని. నా జన్మలో నన్ను చూసి అంతమంది అంతగా నవ్వింది లేదు. క్లాసులో కోప్పడతాననీ, ఇంట్లో చిటపటలాడతాననీ పేరున్నవాణ్ణి. ఆ బజ్జీల బండి దగ్గర మాత్రం నేను రాగానే మొహాలు వెలిగేవి. నలభై ఐదు దాటకుండా నడుపుకుంటా, లోపల్లోపల చస్తా, ఆ చెడిపోయిన బండిని రెండు నెలలు అట్టాగే ఉంచుకున్నాను.

మార్చి వచ్చింది. ఒంటిపూట బడులు. రెంటచింతల ఎండల సంగతి చెప్పేదేముంది, తొమ్మిదింటికే బండి సీటు కాలిపోయేది. పొలాల్లో మిరపకాయలు కోసి కల్లాల్లో ఆరబోస్తున్నారు, దారంతా ఘాటు. సోషల్ సారు భార్య కాన్పుకి మాచర్లలో పుట్టింటికి పోయి ఉంది. ఇంకా మూడు వారాలు టైముందని చెప్పాడు. బిడ్డ పుట్టాక అటూ ఇటూ తిరగాల్సి వచ్చిద్దని ముందుగానే బండి సర్వీసింగుకి ఇచ్చి, ఆ రోజు లెక్కల సారు వెనక కూర్చుని వచ్చాడు.

పదకొండు గంటలప్పుడు స్టాఫ్ రూములో ఉండగా ఆయనకి ఫోనొచ్చింది. వాళ్ళత్తగారు. ఆమె అరుపు మా అందరికీ వినపడింది. "నాయనా, పొద్దుట్నుంచీ రక్తం పోతాంది, ఆస్పత్రికి తెచ్చినం. ఆపరేషన్ చెయ్యాలంటన్నారు, నిన్ను రమ్మంటన్నారు, తొందరగా రా నాయనా!"

సోషల్ సారు లేచాడు. ఏం చెయ్యాలో తెలియక చాక్‌పీసుల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు.

"నా బండి తీసుకుపోండి సార్!" అన్నాను. అందరికంటే ముందు నేనే అన్నాను. తాళం తీసి చేతిలో పెట్టాను. ఆ నిమిషంలో నాకు కోన్ సెట్టూ గుర్తులేదు, మెకానిక్కూ గుర్తులేదు. మంచిపని చేస్తున్నానన్న ఊపులో ఉన్నాను. పీఈటీ సారు వెనకెక్కుతానంటే, "వద్దు సార్, ఒక్కణ్ణయితే తొందరగా పోతా" అన్నాడు.

ఆయన బండి స్టార్ట్ చేశాక, హ్యాండిల్ మీది ఎండిపోయిన వేపమండ చూశాక, అప్పుడు గుర్తొచ్చింది. పరిగెత్తుకుంటా పోయాను. ఆయన మొహం పాలిపోయి ఉంది. చెప్పాలి. సార్, దిగండి, ఈ బండి ప్రమాదం, లెక్కల సారు బండి తీసుకోండి అని చెప్పాలి. అంతే కదా, ఎంతసేపు పట్టుద్ది? నా నోరు తెరుచుకుని, దానికలవాటైన మాటే అంది.

"సార్, అరవై దాటమాకండి, పూనకం వచ్చిద్ది!"

వెనక నుంచి లెక్కల సారు నవ్వాడు. "మండలు కట్టే ఉన్నాయి, అమ్మవారే చూసుకుంటదిలే!" అని పీఈటీ సారు కేకేశాడు, ఆయనకి ధైర్యం చెప్పడానికి. అంత బాధలోనూ సోషల్ సారు పెదాలు నవ్వాయి. సిలువ గుర్తు వేసుకున్నాడు, గేరేశాడు, పోయాడు. గేటు దాటేటప్పటికే స్పీడందుకున్నాడు. ఆయనంత జోరుగా బండి నడపడం మేమెప్పుడూ చూడలేదు.

నేను గేటు దగ్గరే నిలబడిపోయాను.

"ఏంది సార్, కొయ్యబారిపోయారు?" అన్నాడు లెక్కల సారు.

"సార్, ఆ బండి నిజంగానే ఊగుద్ది."

"మాకు తెలవదా! రెండు నెలల్నుంచీ ఇంటన్నాంగా."

"జోకు కాదు సార్. నిజంగా ఊగుద్ది. కోన్ సెట్టు పోయింది. మెకానిక్ చెప్పాడు, స్పీడు పోతే ప్రాణానికే ముప్పు."

ఆయన నా మొహం చూశాడు. నవ్వు ఆగిపోయింది. "అదేంది సార్... అందరం ఊరికే చెప్పుకునేయే కదా అయ్యి? నా బ్రేకు బ్రహ్మాండంగా ఉంది. పీఈటీ సారుది మొన్నే కొత్త బండి. మీది కూడా అట్టాగే అనుకున్నా. సోషల్ సారూ అట్టాగే అనుకుని ఉంటాడు."

కథలు చెప్పే ముగ్గురిలో నిజం చెబుతున్నది నేనొక్కణ్ణే, అది నిజమని తెలిసిందీ నాకొక్కడికే. ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తట్లేదు. బండి నడిపేటప్పుడు ఫోనెత్తని మనిషి ఆయన. మళ్ళీ చేశాను. మళ్ళీ. ఆస్పత్రిలో ఆడమనిషి అట్టా ఉంది, ఈయన స్పీడు తగ్గించే సమస్యే లేదు.

హెడ్మాస్టరుగారికి ఒక మాట చెప్పి, లెక్కల సారు బండి మీద బయల్దేరాం. ఆయనే నడిపాడు. నేను నడిపే స్థితిలో లేను, వెనక కూర్చున్నాను. రోడ్డు మీద జనం కనపడ్డ ప్రతిచోటా నా ప్రాణం పోయి మళ్ళీ వచ్చేది. ఎదురుగా వచ్చే ప్రతి బండినీ చూస్తున్నాను, ఎవరన్నా ఆపి ఏదన్నా చెబుతారేమోనని. తొమ్మిదేళ్ళకి పుట్టబోయే బిడ్డ. అది కళ్ళు తెరవకముందే తండ్రిని రోడ్డు మీద పడేసినవాణ్ణి నేనవుతానా? నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాను. ఆయన దేవుడికీ పెట్టుకున్నాను. ఎట్టా పెట్టుకోవాలో తెలియక, 'అయ్యా, నీ మనిషే, కాపాడుకో' అన్నాను.

"కొంచెం తొందరగా పోండి సార్" అన్నాను.

"మనం కూడా పడితే ఎవడు చూస్తాడు? నోర్మూసుకుని కూర్చోండి" అన్నాడు లెక్కల సారు. ఆయన గొంతులో ఎటకారం లేకుండా వినడం నాకదే మొదలు. ఇంకా భయమేసింది.

మెయిన్ రోడ్డెక్కి మాచర్ల వైపు కొంత దూరం పోయాక పల్లంలో జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర రోడ్డంతా ఎర్రగా ఉంది. నేను కళ్ళు మూసుకుని లెక్కల సారు చొక్కా పట్టుకున్నాను. బండి ఆగింది. ఘాటు ముక్కుకి తగిలాక కళ్ళు తెరిచాను. మిరపకాయలు! ట్రాక్టరు మీది బస్తా జారిపడి పగిలితే ఆడవాళ్ళు ఎత్తుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది, దిగి ఓ పెద్దామెని అడిగాను.

"అమ్మా, ఇటేపు తెల్లచొక్కా సారొకాయన బండి మీద పోయాడా? హ్యాండిల్‌కి వేపమండ ఉంటది."

"పోయాడు పోయాడు. పట్టపగలే తాగినట్టున్నాడయ్యా. బండి అటూ ఇటూ ఊగుతా మా మీదకే వచ్చింది. కాయలన్నీ తొక్కిచ్చుకుంటా పోయాడు. మీ వోడేనా? సెప్పుకోండి కాస్త, ఈ పాటికి ఎక్కడో పడే ఉంటాడు."

ఆవిడ చేత్తో చూపించిన వైపు మార్జిన్లో టైరు జాడ కనపడింది. తారు రోడ్డు దిగి, కంకరలో మెలికలు తిరిగి, సిమెంటు దిమ్మకి బెత్తెడు దూరంలో నుంచి మళ్ళీ రోడ్డెక్కింది. లెక్కల సారు బండి మీద నుంచే దాన్ని చూశాడు. ఆ తర్వాత మాచర్ల దాకా నేను రోడ్డుకి రెండు పక్కలా కంపల్లోకి, కాలవల్లోకి చూసుకుంటా, అనుమానం వచ్చిన ప్రతిచోటా ఆపించుకుంటా పోయేసరికి గంట పైనే పట్టింది.

ఆస్పత్రి ముందు నా బండి ఉంది. స్టాండేసి ఉంది. దిగి దాని చుట్టూ తిరిగాను, ఎక్కడా గీత లేదు. అక్కడే మెట్ల మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఎవరో ఆవిడ పోతా పోతా, "ఎవరు పోయారు నాయనా?" అని అడిగింది.

సోషల్ సారు పైన వరండాలో బెంచీ మీద ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికంటుకుపోయింది. రెండు చేతులూ చంకల కింద పెట్టుకుని, ముందుకు వంగి కూర్చున్నాడు. సంతకం పెట్టాడట, ఆపరేషన్ అయ్యిందట. ఆమెకి రక్తం ఎక్కిస్తున్నారు, ఫర్వాలేదన్నారట. ఆ మాటలు వాళ్ళత్తగారు చెప్పింది. చెప్పి కూతురి దగ్గరికి లోపలికి పోయింది. ఆయన మాత్రం మమ్మల్ని చూసి తలూపాడంతే.

అంతలో నర్సు తలుపు తీసింది. తెల్ల గుడ్డలో చుట్టిన బిడ్డ. "ఆడపిల్ల. తండ్రెవరు?"

ఆయన లేచాడు. చేతులు బయటికి తీశాడు. అవి వణుకుతున్నాయి. మామూలు వణుకు కాదు, మోచేతుల దాకా. ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఆపబోయాడు, ఆగలేదు. నావైపు తిరిగాడు.

"సార్, మీరు పట్టుకోండి. నా చేతులు నిలవట్లేదు."

బిడ్డని నేను తీసుకున్నాను. చానా తేలిగ్గా ఉంది. కళ్ళు మూసుకుని, నోరు మాత్రం కదిలిస్తోంది. ఎదురుగా తండ్రి బతికి ఉన్నాడు, చేతిలో బిడ్డ ఉంది. ఇంక దాచలేకపోయాను.

"సార్, దారిలో ఊగిందా?" అన్నాను.

"పల్లంలో. మిరపకాయల కాడ." ఆయన బిడ్డనే చూస్తున్నాడు. "ఆడవాళ్ళ మీదకి పోయేవాణ్ణి. ఎట్టా తిప్పానో నాకే తెలవదు. మీరు చెప్పారు సార్. నేనే నవ్వి ఊరుకున్నా." తర్వాత అడిగాడు. "ఎప్పట్నుంచి ఉంది అట్టా?"

"జనవరి నుంచి."

"మెకానిక్‌కి చూపించలేదా?"

"చూపించాను."

"ఏమన్నాడు?"

"వెంటనే మార్చాలన్నాడు. స్పీడు పోవద్దన్నాడు."

లెక్కల సారు తల పక్కకి తిప్పుకున్నాడు. సోషల్ సారు అప్పుడు బిడ్డ మీద నుంచి చూపు తీసి నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. పదేళ్ళ స్నేహంలో మమ్మల్ని సార్ అని తప్ప పిలవని మనిషి, గొంతు పెంచకుండా అన్నాడు.

"నా బిడ్డని నాకియ్యి."

"చేతులు వణుకుతున్నాయి సార్, కాసేపు..."

"ఇయ్యమన్నానా!"

ఆయన బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు దగ్గరికి చేర్చాడు. వణుకుతున్న ఆ చేతులతోనే బిడ్డని నా దగ్గర్నుంచి తీసుకున్నాడు.